రెండు రోజుల శిక్షణ చాలునా?

కాలేయం కింద పైత్యరసాన్ని నిలువ ఉంచే చిన్న సంచి పిత్తాశయం. అందులో రాళ్లు ఏర్పడి బాధపెడితే దాన్ని తీసివేయవలసి వస్తుంది. పూర్వం ఇందుకోసం పొట్టను జానెడు మేర కోసేవారు. 1985లో జర్మనీ డాక్టరు ఎరిక్ మ్యూహే చిన్న రంధ్రాల ద్వారానే ఈ పని చేశాడు. మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా చేశారు. ఈ పద్ధతి పేరు లాపరోస్కోపీ.

ముందు కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బిస్తారు. ఈ వాయువు మండదు. రక్తంలో కరిగి ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. ఒక రంధ్రంలోంచి దీపమూ కెమెరా, మిగిలినవాటిలోంచి పొడవాటి సన్నని పరికరాలు లోపలికి వెళతాయి. డాక్టరు టి.వి. తెరను చూస్తూ పనిచేస్తాడు. గాయం చిన్నది కనుక రోగి త్వరగా కోలుకుంటాడు.

మరి కష్టమెక్కడ? గడ్డపారతో బండను లేపడం చూశారు కదా! చేయి కిందికి నొక్కితే కొన పైకి లేస్తుంది. ఇక్కడా అంతే. పొట్ట గోడే ఆధారంగా పరికరం తులాదండమవుతుంది. చేయి కుడికి జరిగితే కొన ఎడమకు పోతుంది. తెరమీద లోతు తెలియదు. వేలితో తాకి చూసే వీలు లేదు. గనిలో క్యాప్ ల్యాంపు వెలుగు పడినంత మేరే కనిపించినట్లు, కెమెరా చూపినంతే కనిపిస్తుంది.

అమెరికాలో చాలామంది సర్జన్లు రెండు రోజుల కోర్సులో పందులపై సాధన చేసి, రోగులకు ఈ ఆపరేషన్లు మొదలుపెట్టారు. 1991లో అక్కడ 1518 ఆపరేషన్లను పరిశీలించారు. ఒక్కొక్క సర్జన్ల బృందం చేసిన మొదటి 13 ఆపరేషన్లలో పైత్యరస వాహికకు గాయం 2.2 శాతం. ఆ తరువాతివాటిలో 0.1 శాతమే! ఈ వాహిక తెగితే పైత్యరసం పొట్టలోకి కారుతుంది. మరో పెద్ద ఆపరేషన్ తప్పకపోవచ్చు. అందుకే 1992లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో 15 ఆపరేషన్లు చేశాకే సొంతంగా చేయాలని సూచించింది.

పాఠం విన్నంత మాత్రాన చేతికి పని రాదు. మన బొగ్గుగనుల్లోనూ కొత్త కార్మికునికి పాఠంతో పాటు పనిలో శిక్షణ కూడా ఇవ్వాలని 1966 నాటి వృత్తి శిక్షణ నియమాలు చెప్పాయి.

చేసి చూడండి: మూతలేని అట్టపెట్టె పక్కగోడకు రంధ్రం చేసి పొడవాటి పుల్ల దూర్చండి. ఒక కన్ను మూసుకుని, లోపలి కాగితంపై గీసిన పది చుక్కలను పుల్ల కొనతో తాకండి. ఇలా ఇరవైసార్లు చేసి, ప్రతిసారీ ఎన్ని తప్పాయో గ్రాఫు గీయండి. గీత ఎక్కడ కిందికి దిగిందో చూడండి.