కొన్నవాడి పేరే ఇంటిపేరైతే

అమ్మడూ,

ఆ పేర్లు కొట్టెయ్యకు. పెన్సిలు కింద పెట్టి ముందు ఇది చదువు. కాకసస్ కొండల సర్కాషియన్ జాతి మూలాలున్న ప్రముఖుల జాబితా రాసుకుంటూ పోతే సగం మంది బానిసల సంతలో అమ్ముడుపోయినవాళ్ళే తేలారని, వాళ్ళని ప్రముఖులంటే క్లాసులో నవ్వుతారేమోనని రాశావు. నవ్వేవాళ్ళని ఒక్క ప్రశ్న అడుగు: ఖైత్‌బే ఇంటిపేరేమిటి?

ఖైత్‌బే 1468 నుంచి 1496 దాకా కైరోలో కూర్చుని ఈజిప్టునీ సిరియానీ ఏలిన సుల్తాను. అలెగ్జాండ్రియాలో పురాతన దీపస్తంభం కూలిన చోట కోట కట్టించింది ఆయనే. ఈజిప్టు ఒక పౌండు నోటు మీద ఆయన మసీదు బొమ్మ ఉంటుంది. ఇవన్నీ నువ్వు రాశావు, బాగానే ఉంది. కానీ ఆయన పేరు వెనకాల వచ్చే అల్-మహ్మూదీ, అల్-అష్రఫీ, అల్-జాహిరీ అన్న మూడు ముక్కల్నీ బిరుదులనుకుని దాటేశావు. అక్కడే దెబ్బతిన్నావు. మహ్మూద్ ఆయన్ని తెచ్చి అమ్మిన వర్తకుడు. అష్రఫ్ అంటే కొన్న సుల్తాను, బర్స్‌బే. జాహిర్ అంటే విడుదల చేసిన సుల్తాను, జక్మక్. మనం ఇంటిపేరు చెబితే తాతముత్తాతల ఊరో వృత్తో బయటపడుతుంది. ఆయన పేరులో తెచ్చినవాడున్నాడు, కొన్నవాడున్నాడు, వదిలినవాడున్నాడు. కన్నవాడు లేడు.

తమాషా ఏమిటంటే, కొన్న ఆ బర్స్‌బే, వదిలిన ఆ జక్మక్ కూడా ఒకప్పుడు అలా అమ్ముడుపోయి వచ్చిన సర్కాషియన్లే! బానిస సైనికులైన మమ్లూకుల పద్ధతి అది. పిల్లల్ని కొని తెస్తారు, సైనికుల బసల్లో పెంచుతారు, గుర్రం, విల్లు, ఖురాను నేర్పిస్తారు, తరవాత స్వేచ్ఛ ఇచ్చి కొలువులో పెడతారు. అక్కడ పైకి రావాలంటే అలా వచ్చి ఉండటమే అర్హత. కైరోలోనే పుట్టిన సుల్తాను కొడుకు గద్దె ఎక్కినా సాధారణంగా ఎక్కువ కాలం నిలిచేవాడు కాదు. అందుకే ఖైత్‌బే ఆ మూడు ముక్కల్నీ దాచుకోలేదు. 1382లో బర్కూక్ గద్దె ఎక్కిన దగ్గర్నుంచి, 1517లో ఒట్టోమన్లు ఆఖరి సుల్తాను తుమాన్‌బేని జువైలా ద్వారం దగ్గర ఉరితీసేదాకా కథ ఇదే.

కాబట్టి నీ జాబితాలో పేరు, కాలం అన్న రెండు గడులు చాలవు. మూడో గడి గియ్యి: ‘ఇంట్లో పిలిచిన పేరు’. అసలు సర్కాషియన్ అన్న మాటే బయటివాళ్ళు పెట్టింది, వాళ్ళు తమని అదిగేలు అనుకుంటారు. 1561లో రష్యా జారు నాలుగో ఇవాన్‌ని పెళ్ళాడిన మరియా సర్కాషియన్ల నేల అయిన కబర్దా రాజు తెమ్‌ర్యుక్ కూతురు. ఆమెను ఎవరూ అమ్మలేదు, అయినా పుట్టింటి కుచెనెయ్ అన్న పేరు జ్ఞానస్నానంతో పోయింది. 1698లో ఇస్తాంబుల్లో ఫ్రెంచి రాయబారి కొన్న నాలుగేళ్ళ పాప పారిస్‌లో మదమ్వాజెల్ ఐసే అయింది. ఆమె పోయి యాభై ఏళ్ళు దాటాక, 1787లో, ఆమె ఉత్తరాలు అచ్చయ్యాయి. తల్లి ఏమని పిలిచేదో ఆ గడిలో ఖాళీ వదిలెయ్యి. ఊహించి నింపావో, చెవి మెలేస్తాను.

ఇక నువ్వు అంటించిన ఫోటో, ఆ పొదలాంటి జుట్టు ‘సర్కాషియన్ అందగత్తె’ది, పీకెయ్యి. కోపంగా అనడం లేదు, ఎందుకంటే అదే ఫోటో నేనూ వేశాను. ముప్పై ఏళ్ళ నాటి మాట. ఒక ఆదివారం అనుబంధానికి వ్యాసం రాస్తూ, పాత పుస్తకంలో ఆ బొమ్మ చూసి మురిసిపోయి, కింద ‘కాకసస్ కొండల కన్య’ అని రాసి పంపాను. వారం తిరక్కుండా ఓ పాఠకుడి దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది: “ఆ జుట్టు ఏ ఊరిదండీ?” అప్పుడు వెతికాను. 1860లలో బార్నమ్ అనే అమెరికా ప్రదర్శనల వ్యాపారి న్యూయార్కులో జనం టిక్కెట్టు కొని చూడటానికి నిలబెట్టిన వేషం అది. జుట్టు బీరుతో కడిగి అలా ఉబ్బించేవారట. అతను పెట్టిన పేరు జలుమ్మా ఆగ్రా. ఆగ్రా అని చూసి కూడా నాకు అనుమానం రాలేదు, చూశావా! ఆ తరవాత అలాంటి వేషాలు చాలామంది వేశారు, ఎక్కువమంది అమెరికా ఆడపిల్లలే. ఆ కార్డు నా నిఘంటువులో ఇప్పటికీ ఉంది. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

1864 మే 21 సంగతి నీకు తెలుసు, రష్యా వాళ్ళు సర్కాషియన్లని సొంతగడ్డ నుంచి ఒట్టోమన్ నేలకి వెళ్ళగొట్టడం గురించి మళ్ళీ చెప్పను. నువ్వు వదిలేసింది దాని తోక. తుర్కియే చేరినవాళ్ళ పిల్లలకి 1934 ఇంటిపేర్ల చట్టం కొత్త పేర్లు తగిలించింది. కాగితం మీద ఒక పేరు, ఇంట్లో వంశం పేరు ఇంకొకటి. నీ మూడో గడి వాళ్ళకి బాగా పనికొస్తుంది.

కవి, ఈజిప్టు ప్రధాని అయిన మహ్మూద్ సామీ అల్-బారూదీని ఎందుకు వదిలేశావు? మమ్లూకుల వంశమని గర్వంగా చెప్పుకున్న మనిషి. ఆ బారూదీ ఈతాయ్ అల్-బారూద్ అన్న ఊరి నుంచి వచ్చింది, అచ్చం మన ఇంటిపేర్లలాగే. తుర్కు, సర్కాషియన్ అధికారుల పెత్తనం మీద ఈజిప్టు సైనికాధికారి అరాబీ తిరగబడితే, తన వాళ్ళని కాదని అరాబీ పక్కన నిలబడ్డాడు. దాని ఫలితం, పదిహేడేళ్ళు సిలోనులో ప్రవాసం.

చివర యూరీ తెమిర్కానోవ్‌ని చేర్చు. 1938లో నాల్చిక్‌లో పుట్టిన కబర్దా మనిషి. 1988 నుంచి దశాబ్దాలపాటు లెనిన్‌గ్రాడ్, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్, ఫిల్హార్మోనిక్ వాద్యబృందాన్ని నడిపాడు. అతని పసితనంలోనే, 1941లో, యుద్ధానికి తప్పించుకుని సంగీతకర్త ప్రొకోఫియెవ్ నాల్చిక్ వచ్చి, కబర్దా బాణీలతో తన రెండో తీగల చతుష్టయం కూర్చాడు. తెమిర్కానోవ్ చివరున్న ‘ఓవ్’ రష్యన్ల తోక. మూడో గడిలో అది తీసేసి రాయి. రాశాక ఫోటో తీసి నాకు పంపు, అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా రాయి తల్లీ.

— తాతయ్య