ఒత్తుకి చోటు

రాజమహేంద్రవరం,
మే 14.

చి. ల. సౌ. శ్రావణికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ ఎండల సంగతి చెప్పక్కర్లేదు, పొద్దున్న తొమ్మిది దాటితే పుష్కరాల రేవు మెట్ల మీద కాలు పెట్టలేం. కాలువలు కట్టేశారు. మీ అమ్మ గురువారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతోంది, ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నా. కవరు ఎంత గట్టిగా అంటించినా రైలు కొవ్వూరు దాటేలోపు విప్పి చదివేస్తుంది. అందుకని నీకు తెలిసిన విషయాలు కూడా విడమర్చి రాస్తున్నాను. విసుక్కోకు.

మొన్న ఫోన్లో నీ గొంతు నాకు నచ్చలేదు. బ్రౌజరు టీములో వేశారనగానే ఎగిరి గంతేశావు. తీరా వెళ్ళాక నిన్ను కూర్చోబెట్టింది పాత గ్రాఫిక్స్ కోడు దగ్గర. “ఎవడో పదిహేనేళ్ళ కిందట రాసి వెళ్ళిపోయాడు మావయ్యా, దానికి నేను అతుకులేస్తున్నా. నాతో చేరినవాళ్ళంతా ఏఐ పనుల్లో ఉన్నారు” అన్నావు. ఆ అతుకుల పని ఇరవై రెండేళ్ళు చేసే నేను ఈ ఇల్లు కట్టుకున్నాను. అంచేత నా దగ్గర నీకు ఓదార్పు దొరకదు. ఒక కథ మాత్రం చెప్తాను. నా పరువు తీసే కథే.

2006 సంక్రాంతికి ఇంటికొచ్చాను. అప్పుడు నీకు ఊహ తెలీదు. ఇంట్లో కంప్యూటరు విండోస్ ఎక్స్‌పీ. అందులో తెలుగు సరిగ్గా కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టాలి. అది సీడీ అడుగుతుంది, ఆ సీడీ ఇంట్లో ఎవరికీ కనపడదు. ఎలాగో అదంతా చేశాను. ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు కూడా గౌతమే. మీ తాతయ్యకి ఆ పేరు చూపిస్తే, “మన ఏటి పాయ పేరు వాళ్ళకెలా తెలిసిందిరా?” అని చాలాసేపు ఆశ్చర్యపోయారు. మేము ఆఫీసులో తయారుచేస్తున్న బ్రౌజరు కొత్త ప్రతి కూడా పట్టుకొచ్చాను. అప్పటికి నెల కిందటే పేజీ గీసే వేగం పెంచానని నాకు మెచ్చుకోళ్ళు వచ్చాయి. ఆ గొప్ప చూపించుకుందామని తాతయ్యని కుర్చీలో కూర్చోబెట్టి మౌసు చేతిలో పెట్టాను.

ఆయన ఒక వార్తల పేజీ తెరిచి, ‘రాష్ట్రం’ అని నీలం అక్షరాల్లో ఉన్న లింకు మీదికి బాణం తీసుకెళ్ళారు. బాణం తగలగానే మాట ఎర్రబడాలి. ఎర్రబడింది. కాకపోతే ‘ష’ ఎర్రబడింది, దాని కింద ట ఒత్తు సగం ఎర్రబడింది, ర ఒత్తు తోక మాత్రం నీలంగానే ఉండిపోయింది. తాతయ్య కళ్ళజోడు ఎత్తి, దించి, “అక్షరం కాళ్ళకి వేరే రంగొచ్చిందేంట్రా?” అన్నారు.

ఏమైందో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అమ్మ కోసం చెప్తున్నా: తెర మీద ఏదైనా మారితే బ్రౌజరు పేజీ మొత్తం మళ్ళీ గీయదు. మారిన చోటు చుట్టూ ఒక చట్రం లెక్కగట్టి, దాని లోపలిది మాత్రమే తుడిచి గీస్తుంది. కళ్ళకి తడబాటు కనపడకూడదంటే సెకనుకి 60 సార్లు తెర మారాలి. అంటే ఒక్కో బొమ్మకి దొరికేది 16 మిల్లీసెకన్ల పైచిలుకు. ఆ గడువులో పూర్తి చెయ్యాలంటే చట్రం ఎంత చిన్నదైతే అంత లాభం. నేను చదువుతున్న ఫైల్లో ఆ చట్రాన్ని కింద వైపు కొంచెం పెంచే రెండు వరసలు ఉండేవి. ఎందుకు పెంచుతున్నారో పక్కన ఒక్క ముక్క రాసి లేదు. ఫాంటు తన ఎత్తెంతో, లోతెంతో తనే చెప్తోంది కదా, ఇంకా దండగ ఖర్చెందుకని తీసిపారేశాను. పరీక్షలన్నీ పాసయ్యాయి. అవన్నీ ఇంగ్లీషు పేజీలు మరి. ఒత్తు కింద ఒత్తు వస్తే సిరా ఆ గీత దాటి కిందికి దిగుతుంది. దిగిన ముక్క చట్రానికి అవతల పడింది, దాన్ని తుడిచేవాడూ లేడు, గీసేవాడూ లేడు.

తాతయ్యకి ఇదంతా వివరించి చెప్పాను. మీ తాతయ్య ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు. గేట్లు ఎత్తడం, దించడం, గట్టు వెంట నడిచి ఎక్కడ ఊట కారుతోందో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. అంతా విని ఒక్కటే అన్నారు. “తూము ఎవరి చేలోకి పోతోందో చూడకుండానే మూసేశావా?”

పండగ పూట ఆ మాట తిని, మర్నాడే ఆ రెండు వరసలూ తిరిగి పెట్టమని ఆఫీసుకి ఉత్తరం కొట్టాను. ఈసారి పక్కన ఎందుకో కూడా రాశాను. ఒక పరీక్ష కూడా చేర్చాను. మీరిప్పుడు రెఫ్‌టెస్టు అంటారే, అదే. ఒక పేజీలో ‘రాష్ట్రం’ మొదట్నుంచీ ఎరుపు. ఇంకో పేజీలో నీలంగా మొదలై తర్వాత ఎరుపుగా మారుతుంది. చివరికి రెండు బొమ్మలూ చుక్క చుక్కకీ ఒకేలా ఉండాలి. సరైన బొమ్మ ఇదీ అని ఎక్కడా దాచిపెట్టుకోనక్కర్లేదు, బ్రౌజరు మాట బ్రౌజరే నిలబెట్టుకుంటోందో లేదో చూస్తే చాలు. ఫైర్‌ఫాక్సు చేసే మోజిల్లావాళ్ళు ఈ పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చారు. నా దృష్టిలో గ్రాఫిక్స్ పనిలో ఇంతకంటే తెలివైన ఉపాయం లేదు.

మన లిపికి ఈ పని ఎంత అవసరమో ఒక్క ‘స్త్రీ’ని చూస్తే తెలుస్తుంది. కంటికి ఒక అక్షరం. లోపల యూనికోడులో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఈ ఆరింటినీ కలిపి ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలో తేల్చేది హార్ఫ్‌బజ్ అనే కోడు. బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరాన్ కుర్రాడు ఏళ్ళ తరబడి దాన్ని సాకాడు, పేరు కూడా పర్షియనే. ఫైర్‌ఫాక్సులోనూ, క్రోములోనూ, ఆండ్రాయిడు ఫోన్లలోనూ మన ఒత్తుల్ని సర్దుతున్నది అదే. అది కూర్చోబెట్టిన బొమ్మల్ని తెర మీదికి తేవడం దగ్గర నీ పని మొదలవుతుంది. గీసిన బొమ్మల్ని మళ్ళీ వాడుకోవడానికి దాచుకుంటారు కదా, ఇంగ్లీషు పేజీకి ఒక వంద దాస్తే గడిచిపోతుంది. మనకి గుణింతాలూ ఒత్తులూ కలిపి వందల్లో కావాలి. దాచే చోటు ఇరుకైతే ముందు ఇబ్బంది పడేది మనమే.

2018 ఫిబ్రవరి గుర్తుందా? తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొట్టిందని ఊరంతా చెప్పుకున్నారు. ‘జ్ఞా’. జ, పొల్లు, ఞ, వాటి వెనక కంటికి కనపడని ఒక విడదీత గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఈ ఐదూ ఆ వరసలో మెసేజిలో వస్తే చాలు, యాప్ కుప్పకూలేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పుడు చాలామంది మన లిపి అంత కష్టమైందని నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. జ్ఞానం అని రాయడం నేరమా? మెమరీలో తనది కాని చోట చెయ్యి పెట్టింది అక్షరాల్ని పేర్చే కోడు. లిపి దేనికి దోషి? అదే చిక్కు బెంగాలీ, దేవనాగరి అక్షరాల్లో కూడా ఉందని తర్వాత తేలింది. పరీక్ష పేజీల్లో ఆ వరస ఒక్కటుంటే ఇంత గొడవే లేదు.

ఇదంతా చదివి, పాత కోడంటే మావయ్యకి భక్తి అనుకునేవు. భక్తి లేదు. కాలువలో గుర్రపుడెక్క కూడా చూడ్డానికి పచ్చగానే ఉంటుంది, పీకకపోతే శివారు చేలకి నీళ్ళందవు. పీకాల్సింది పీకాలి. ఎలా పీకాలో ధవళేశ్వరంలోనే చూడొచ్చు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్టకి వయసు మీదపడ్డాక, దాని దగ్గర్లోనే కొత్త బ్యారేజీ కట్టారు. 1970లో మొదలైతే 1982కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు చోట్లా కలిపి 175 గేట్లు. ఆ పన్నెండేళ్ళూ డెల్టాలో ఊడ్పులు ఆగలేదు. పాతదాని మీద నీళ్ళు పారుతుండగానే కొత్తది లేచింది. తాతయ్య రెండింటి దగ్గరా పనిచేశారు.

ఫైర్‌ఫాక్సు వాళ్ళు గీసే యంత్రాన్ని మార్చింది కూడా అచ్చం ఇలాగే. వెబ్‌రెండర్ అని రస్ట్ భాషలో రాసిన కొత్తదాన్ని 2019 మేలో, 67వ వెర్షన్లో మొదట కొద్దిమందికే ఇచ్చారు. విండోస్ 10, అందులోనూ ఎన్విడియా కార్డున్న డెస్క్‌టాపులకి. అక్కడ కుదుటపడ్డాక ఒక్కో రకం కార్డుకీ, ఒక్కో రకం మిషనుకీ విస్తరించారు. మంచి గ్రాఫిక్స్ కార్డు లేని పాత కంప్యూటర్ల కోసం మామూలు ప్రాసెసరు మీదే నడిచే దారి కూడా వేశారు. అందరినీ దాటించాకే, 2021లో, పాత కోడుని ఊడబీకారు. పాతదాన్ని తీసేసే రోజున నా స్నేహితుడొకడు బిర్యానీ పార్టీ ఇచ్చాడు. ఇవ్వాల్సిందే.

ఇంకో మాట. నీ ఫైళ్ళలో ఫలానా కార్డు, ఫలానా డ్రైవరు అయితే ఈ దారిలో వెళ్ళకు అని పొడుగాటి జాబితా ఉంటుంది. దాన్ని చూసి చిరాకుపడి ఉంటావు. దేవీచౌక్ దగ్గర నెట్ సెంటర్లో తాతయ్య పెన్షను కాగితం కోసం కూర్చున్నప్పుడు ఒకసారి తెర మొత్తం నల్లబడిపోవడం చూశాను. కుర్రాడు పాపం మానిటరు మీద కొట్టాడు. తప్పు డ్రైవరుది. డ్రైవరు చేసినవాళ్ళు దిద్దరు, నెట్ సెంటరు కొత్త కార్డు కొనదు, మధ్యలో బ్రౌజరే సర్దుకుపోవాలి. ఆ జాబితా అంతా అలా నల్లబడిన తెరలే. అందులోంచి వరస తీసేముందు ఆ కార్డు ఇంకా ఎక్కడన్నా బతికుందేమో కనుక్కో.

ఎప్పుడో ఒకసారి కనిపించి మళ్ళీ దొరకని తప్పులతో జుట్టు పీక్కుంటున్నానన్నావు. మోజిల్లాలో రాబర్ట్ ఓ’కల్లహన్ అని ఒక న్యూజిలాండ్ ఆయన ఉండేవాడు. పేజీ అమరిక, గీత పనుల్లో తలపండినవాడు. ఇలాంటి తప్పులతో విసిగి ఆర్‌ఆర్ అనే పనిముట్టు చేశాడు. ప్రోగ్రాము నడిచిందంతా రికార్డు చేసుకుని, తప్పు జరిగిన చోటినుంచి వెనక్కి నడవొచ్చు. మీ ఆఫీసులో లైనక్సు మిషను ఉంటే రేపే మొదలుపెట్టు. ఇది నాకు ఉద్యోగం మొదట్లో ఉండుంటే నా తల మీద ఇంకొంచెం జుట్టు మిగిలేది.

నీ మేనేజరుకి కొత్త పని కావాలని అర్జీ పెట్టాలనుకుంటే పెట్టు, నేను వద్దనను. ఆ లోపు మాత్రం ఒకటి చెయ్యి. నీకిచ్చిన ఫైళ్ళ పరీక్ష పేజీల్లో తెలుగు ఎన్నిట్లో ఉందో లెక్కపెట్టు. ఒక్కటీ లేకపోతే ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘జ్ఞానం’ ఈ మూడు మాటలతో ఒకటి రాసి చేర్చు. పాసయితే మంచిదే. ఫెయిలయితే నాకు వెంటనే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

జూన్‌లో కాలువలకి నీళ్ళు వదులుతారు. ఆ ఆదివారానికి వీలైతే రా, ధవళేశ్వరం వెళ్ళి చూసొద్దాం. కొత్తావకాయ జాడీ అమ్మ సంచిలో అడుగున ఉంది, నిలబెట్టి దించుకో.

ఇట్లు,
మీ మావయ్య