గాజుతొట్టిలో జెల్లల ఆరోగ్యము



మన కాలువలలోను, వరిమళ్లలోను దొరకెడి చారల జెల్లలను గాజుతొట్టిలో పెంచు వేడుక అనేక గృహములలో గలదు. తెచ్చిన వారమునకే అవి యొకటొకటిగా చచ్చుటయు సామాన్యమే. చేప సుకుమారమని తలంచి మరల క్రొత్తవానిని తెత్తురు. అవియు నట్లే చచ్చును. దోషము చేపయందు లేదు. నీటియందును, తొట్టి యడుగునను గలదు.

మీసములు: జెల్లకు నాలుగు జతల మీసములుండును. చీకటిలో వానితోనే అది మేతను వెదకికొనును. అడుగున తిరుగు చేప యగుటచే, అడుగున క్రుళ్లు చేరినచో ముందుగా బాధపడునది యిదియే. మీసములు పొడవుగా నున్నచో తొట్టి బాగున్నదని యెఱుగవలెను. అవి అరిగి పొట్టివైనచో ఇసుక పదునైనదో, అడుగు మురికియైనదో పరీక్షింపవలెను.

తొట్టి: నాలుగు జెల్లలకు మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు గల తొట్టి కావలెను. అందలి నీరు రమారమి 100 లీటర్లు, బరువు 100 కిలోలు. కావున బల్ల గట్టిదై యుండవలెను. ఏటి సన్నయిసుకను బాగుగ కడిగి అంగుళము మందమున పఱవవలెను. పగలు దాగుటకు చిన్న కుండ నొకదానిని ప్రక్కకు పండబెట్టవలెను. పైన మూత యుండవలెను.

నీరు: చేప మొప్పలనుండి విడుచు అమ్మోనియా దానికే విషము. పొలమున యూరియానుండి పుట్టిన అమ్మోనియాను నేలలోని సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చునుగదా. తొట్టిలోని ఇసుకను, వడపోత స్పాంజిని ఆశ్రయించిన సూక్ష్మజీవులును అట్లే చేయును. అవి వృద్ధినొందుటకు 4 నుండి 6 వారములు పట్టును. కావున తొలుత ఒకటి రెండు చేపలనే వేసి, ఆ కాలము గడచిన పిమ్మట తక్కినవానిని చేర్చవలెను. స్పాంజిని కుళాయి నీట కడుగరాదు. క్లోరిను ఆ జీవులను చంపును. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. వారమున కొకసారి గొట్టముతో అడుగు మలినమును లాగుచు నాల్గవవంతు నీటిని మార్చవలెను. క్రొత్తగా పోయునది కుళాయి నీరైనచో క్లోరిను విరుగుడు మందు ముందుగా కలుపవలెను. నీటి నంతటిని ఒక్కసారి మార్చరాదు.

మేత: దీపములార్పిన పిమ్మట మునిగెడి గుళికలనో, వానపాము ముక్కలనో కొలదిగా వేయవలెను. తెల్లవారునప్పటికి మిగిలినదానిని తీసివేయవలెను. చిన్న చేపలను జెల్లలతో నుంచినచో రాత్రివేళ మ్రింగివేయును.

మందులు: జెల్లకు పొలుసులు లేవు, మందుల ఘాటు దానికి త్వరగా తగులును. తెల్లమచ్చలు కనబడినవని ఇంటనున్న మైలుతుత్తమును వేయరాదు. పొలమున మందు కొట్టి వచ్చిన చేతులతో తొట్టిని ముట్టరాదు. ఆ గదిలో దోమల మందు చిమ్మరాదు. క్రొత్త చేపలను రెండు వారములు వేఱు తొట్టిలో నుంచి, రోగము లేదని తెలిసికొని చేర్చవలెను.

హెచ్చరిక: తొట్టిని శుభ్రపరచునని అంగళ్లలో అమ్మెడి సక్కర్ చేపను కొనకుడు. ఏ చేపయు తొట్టి మలినమును తిని శుభ్రపరుపదు; ఆ పని యజమానిదే. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ చేప అడుగునకు మించి పెరుగును. పెరిగినదానిని కొందఱు చెఱువులో విడుచుచున్నారు. అది గట్లలో బొరియలు త్రవ్వును. దాని ముండ్లు జాలరుల వలలను చింపును. మన చెఱువులలో నిప్పటికే చేరియున్నది. తొట్టి చేప దేనినైనను, ఎంత చిన్నదైనను, కాలువలోగాని చెఱువులోగాని విడువరాదు.