నడుము నేర్పిన పాఠము

చదువవలసిన భాగములు: 1 రాజులు 19:4–8, నిర్గమకాండము 17:8–13, లూకా 13:10–17.



పోయిన యేడు పత్తి తీతల కాలమున మాకు నడుము దెబ్బ తగిలి, మూడు మాసములు సైకిలు ఎక్కలేకపోయిన సంగతి మన నాలుగు ఊళ్ల సంఘములవారికిని తెలియును. ఆ దినములలో మేము నేర్చుకొనినది వ్రాయుమని పెద్దలు అడిగిరి. ఈ నొప్పి మా ఒక్కరిదే కాదు. 2020 సంవత్సరమున లోకమంతటను సుమారు 61.9 కోట్లమంది నడుము నొప్పితో బాధపడిరని వైద్యుల లెక్క. పత్తి తీసి, మిరపకాయ కోసి, బస్తాలు మోసి బ్రదుకు మన ప్రాంతములో ఈ బాధ ఎరుగని యిల్లు అరుదు. కాబట్టి మీకును పనికివచ్చునని ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. దెబ్బ తగిలిన విధము

సైకిలనిన మాకు చిన్ననాటినుండి ప్రీతి. మోటారు సైకిలు కొనియిచ్చెదమని సంఘస్థులు రెండుమారులు అడిగినను వద్దంటిమి. సైకిలుమీద పోవువాడు చేలో ఉన్నవారిని పేరుపెట్టి పలుకరించవచ్చును, చెట్టు క్రింద ఆగి ఒక మాట వినవచ్చును. ఇది మంచి కారణమే. అయితే దాని వెనుక మరియొక కారణము దాగియుండెను. నలుబది దాటినను అయ్యగారు పడుచువానివలె తొక్కుచున్నారని పదిమంది అనుకొనుట మాకిష్టము.

ఆ దినమున వాన వెలిసిన తరువాత, పర్చూరునుండి చిలకలూరిపేట పోవు పెద్దదారి విడిచి డొంకలోనికి దిగితిమి. క్యారియరుమీద ఒక విధవరాలికి ఇయ్యవలసిన 25 కిలోల బియ్యపు మూట ఉండెను. నల్లరేగడి తడిసిన యెడల చక్రమునకును మడ్‌గార్డునకును మధ్య కూరుకొని అడుగు వేయనియ్యదని మీరెరుగుదురు. ఒక పిల్లవాడు వచ్చి, వెనుకనుండి తోసెదననెను. “అక్కరలేదు నాయనా” అంటిమి. నాలుగు అడుగులలో ముందుచక్రము ట్రాక్టరు చాలులో దిగబడి సైకిలు ఒరిగెను. పడనిచ్చినయెడల బియ్యము బురదపాలగును, అంతకంటె నష్టము లేదు. పడనియ్యక, ఒంటికాలిమీద నిలిచి, నడుము మెలివేసి, బరువునంతయు ఒక్క ఊపున లేపితిమి. నడుములో ఏదో పట్టుకొనెను. ఎడమకాలి మడమవరకు నిప్పువలె మంట ప్రాకెను. సైకిలుతో కూడ బురదలో కూలబడితిమి. వద్దన్న ఆ పిల్లవాడే పరుగెత్తి మనుష్యులను పిలుచుకొనివచ్చెను.

2. పడక మందువంటిది, మోతాదు మించకూడదు

మంచముమీద వేసినది మొదలు తలకొక మాట చెప్పిరి. నెలదినములు కదలవద్దని కొందరు, ఎదురుకాళ్లతో పుట్టినవానిచేత తొక్కించుమని కొందరు. తొక్కించుకొనుటకు ఒప్పుకొనలేదు గాని పండుకొనుటకు ఒప్పుకొంటిమి. పదిదినములు పండుకొనగా నొప్పి తగ్గకపోగా కాళ్లలో సత్తువ తగ్గెను. పదకొండవ దినమున గుంటూరు తీసికొనిపోయిరి.

వైద్యుడు మమ్మును వెల్లకిల పండుకొనబెట్టి, మోకాలు వంచకుండ కాలు లేపి చూచెను, మోకాలిమీద చిన్న సుత్తితో తట్టెను, బొటనవ్రేలిని పైకెత్తుమనెను, మూత్రము సరిగా వచ్చుచున్నదా అని అడిగెను. పిమ్మట ఈలాగు వివరించెను. నడుము భాగమున అయిదు వెన్నుపూసలున్నవి. పూసకును పూసకును మధ్య డిస్కు అను మెత్తని దిండుండును. వంగి, మెలితిరిగి బరువెత్తినప్పుడు దిండు ఉబ్బి నరమును నొక్కవచ్చును. ఇది తరచుగా క్రింది రెండు దిండ్లలోనే జరుగును. ఆ నరము కాలిలోనికి పోవును గనుక నొప్పియు కాలిలోనికి పోవును. పెద్దవారి దిండునకు రక్తనాళములు దాదాపు లేవు. మనము కదలుచు బరువు మోపి వదలుచుండగా అది చుట్టునుండి నీటిని ఆహారమును పీల్చుకొనును. కదలికయే దానికి భోజనము. ఎక్కువమందికి ఆపరేషను లేకయే కొన్ని వారములలో బాధ తగ్గును.

“ఇంకను పండుకొనవలెనా?” అని అడిగితిమి. “పండుకొనినది చాలును అయ్యగారూ, రేపటినుండి నడువండి” అనెను.

పూర్వము వైద్యులును వారములకొలది పడక విధించెడివారు. ఫిన్లాండు దేశములోని హెల్సింకి పట్టణమున, కొత్తగా నడుము నొప్పి వచ్చిన 186 మంది ఉద్యోగులను మూడు గుంపులుచేసి పరీక్షించి, 1995లో ఫలితము ప్రకటించిరి. ఒక గుంపునకు రెండు దినముల పడక, ఒక గుంపునకు వ్యాయామము విధించిరి. మూడవ గుంపువారు ఓర్చుకొనగలిగినంతమట్టుకు తమ పనులు తాము చేసికొనిరి. ఈ మూడవవారే అందరికంటె బాగుగా కోలుకొనిరి.

ఏలీయా బదరీవృక్షము క్రింద పండుకొనిన కథ మీరెరుగుదురు. దూత ఆయనను గద్దింపలేదు, నిద్రపోనిచ్చెను. రెండుమారులు తట్టి భోజనము పెట్టెను. అయితే అక్కడనే ఉంచక దూరప్రయాణమునకు పంపెను. నిద్రయు భోజనమును లేచుటకొరకే.

3. తిరిగి సైకిలు ఎక్కిన విధము

మొదటి దినమున ఇంటినుండి దేవాలయపు గేటువరకు నడచి వచ్చితిమి. ఆలాగు దినమునకు మూడుమారులు. రెండుమూడు దినములకొకసారి కొంచెము పెంచితిమి. మూడవ వారమునకు సాగరు కాలువగట్టు చేరితిమి. వైద్యుడు చెప్పిన కొలత యిది: నడచునప్పుడు నొప్పి కొంచెము హెచ్చినను మరునాటి ఉదయమునకు మునుపటి స్థితికి రావలెను. నొప్పి కాలిలోనుండి పైకి, నడుమువైపునకు వెనుదిరిగినయెడల మంచి గుర్తు. కాలిలోనికి మరింత దిగినయెడల ఆనాటి పని ఎక్కువైనదని తెలిసికొనవలెను.

రెండు చిన్న వ్యాయామములు నేర్పిరి. వెల్లకిల పండుకొని మోకాళ్లు మడిచి తుంటిని మెల్లగా పైకెత్తి దించుట ఒకటి. చేతులమీదను మోకాళ్లమీదను ఉండి, కుడిచేయి ఎడమకాలు, పిమ్మట ఎడమచేయి కుడికాలు చాచుట రెండవది. తెల్లవారుజామున మాత్రము వంగి బరువెత్తకూడదు. రాత్రి పండుకొనినప్పుడు దిండ్లు నీరు పీల్చి ఉబ్బియుండును. అందుచేతనే మనిషి సాయంకాలముకంటె ఉదయమున సుమారు ఒక సెంటీమీటరు పొడవుండును.

ఎనిమిదవ వారమున సైకిలును చేతితో నడిపించుకొని పోతిమి. పన్నెండవ వారమున తారురోడ్డుమీద పది నిమిషములు తొక్కితిమి. దానికి ముందు సైకిలు షాపు మేస్త్రీ మా సీటును చూచి నవ్వెను. ఠీవికొరకు దానిని ఎత్తుగా బిగించుకొనియుంటిమి. సీటుమీద కూర్చుండి మడమను క్రింది పెడలుపై ఉంచినప్పుడు మోకాలు నిటారుగా నుండవలెను. పాదపు ముందుభాగముతో తొక్కునప్పుడు అది కొంచెము వంగును. సీటు మరీ ఎత్తయినయెడల ప్రతి తొక్కునకు తుంటి ఇటునటు ఊగి నడుము అలసిపోవును. హ్యాండిలు అందక ముందుకు వంగవలసివచ్చుట నడుమునకు భారము. గతుకులలో సీటునుండి కొంచెము లేచి మోకాళ్లమీద దెబ్బ కాచుకొనవలెను. అరగంటకొకసారి దిగి నిటారుగా నిలువవలెను.

4. ఆలస్యము చేయకూడని గుర్తులు

ఇవి ప్రతి యింటివారును జ్ఞాపకముంచుకొనుడి. మూత్రమో మలమో వశము తప్పినను, మూత్రము బిగిసినను, సీటుకు తగులు భాగమున స్పర్శ పోయినను, కాలు పడిపోవుచున్నను ఆ గంటలోనే పెద్ద ఆసుపత్రికి పోవలెను. సాయంకాలపు జ్వరము, కారణము లేక బరువు తగ్గుట, రాత్రివేళ విడువని నొప్పి ఉన్నయెడల వెన్నెముకకు క్షయ సోకెనేమో పరీక్షించుకొనవలెను, దానికి మందులున్నవి. చెట్టునుండియో బండినుండియో పడినవానిని, మునుపు కాన్సరు వచ్చినవానిని ఇంటి వైద్యముతో ఆపియుంచకూడదు. ఎవరిచేతను నడుము తొక్కించవద్దు.

5. బరువు పంచుకొనుట

మోషే చేతులు బరువెక్కినప్పుడు కూర్చుండుటకు రాయి వేసిరి. అహరోను ఒక ప్రక్క, హూరు ఒక ప్రక్క చేతులు ఎత్తి పట్టిరి. మోషే వద్దనలేదు. మేమైతే ఒక పిల్లవానిని వద్దంటిమి. ఇప్పుడు ఆ పిల్లవాడే తన సైకిలుమీద బియ్యము తెచ్చుచున్నాడు. అతడు రానినాడు మేము అయిదేసి కిలోలుగా తీసికొనిపోవుచున్నాము. నాలుగు ఊళ్లు ఒక్క దినమున తిరిగినవారము ఇప్పుడు రెండు దినములలో తిరుగుచున్నాము. ఎవరును తప్పుపట్టలేదు.

6. మేము చూడని నడుములు

చివరి సంగతి వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము. మేమింకను సైకిలు ఎక్కకముందే మిరప కోతలు వచ్చినవి. సాయంకాలమున స్త్రీలు కోతనుండి నేరుగా మమ్ము చూడవచ్చెడివారు. వారిలో ఒక పెద్దామె గోడ పట్టుకొని, నడుముమీద చేయివేసికొని మెల్లగా కూర్చుండెను. ఆ కూర్చుండు విధము మాకు అప్పటికి బాగుగా తెలియును. “ఎన్నాళ్లనుండి అమ్మా?” అని అడిగితిమి. “మా చిన్నదాని పెండ్లికి ముందునుండి అయ్యగారూ” అనెను. ఆ పెండ్లి చేసినది మేమే. దానికి పదకొండు సంవత్సరములైనది.

పదకొండు సంవత్సరములు ఆమె ప్రతి ఆదివారము ముందు చాపమీదనే కూర్చుండెను. పాటకు అందరును లేచునప్పుడు లేవనివారిని మేమొకసారి వేదికనుండి మందలించితిమి. ఆమె ఆ దినమున కూడ అక్కడనే యుండెను. మాకు పదిదినములు పడక దొరికెను, వంటయింటినుండి గంజి వచ్చెను, గుంటూరు పోవుటకు కారు వచ్చెను. ఆమెకు మరునాడు మరల కోత వచ్చెను.

సమాజమందిరములో పదునెనిమిది ఏండ్లు నడుము వంగియున్న స్త్రీని గూర్చి మేము అనేకమారులు ప్రసంగించితిమి. ప్రభువు ఆమెను చూచి పిలిచెను. మందిరపు అధికారి క్రమము తప్పెనని కోపపడెను. ఇన్నేండ్లు చదివియు ఆ కథలో మేమెవరిమో మంచమెక్కువరకు తెలియలేదు.

ఆమెను ఆ వారమే వైద్యునియొద్దకు పంపితిమి. క్షయ కాదు, ఏండ్ల అరుగుదల అని చెప్పిరి. ఆమె నడుము పూర్తిగా నిటారు కాలేదు, గాని సాయంకాలమున నడచుచున్నది, రాత్రి నిద్రపోవుచున్నది. దేవాలయములో గోడవెంబడి బల్లలు వేయించితిమి. లేవగలిగినవారే లేవవలెనని చెప్పితిమి. కోతలోను తీతలోను గంటకొకసారి నిటారుగా నిలిచి నాలుగడుగులు వేయుడి. బరువును మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టి లేపుడి. మిరపబస్తా ఒక్కరు మోయవద్దు. పని చేయించు రైతులలో మన సంఘస్థులున్నారు. కూలివారికి ఆ నాలుగడుగుల విరామము ఇచ్చుట వారి చేతిలో నున్నది.

మా ఎడమ బొటనవ్రేలు నేటికిని కొంచెము తిమ్మిరిగా నున్నది. తొక్కునప్పుడెల్ల అది మాకు జ్ఞాపకము చేయుచుండును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటిలో ఎవరి నొప్పి అలవాటైపోయినందున మనకు కనబడుటలేదు?
2. సహాయము చేయవచ్చినవానిని “అక్కరలేదు” అని పంపినది ఎప్పుడు? ఏల?
3. మన ఊరి కోతలలో, బస్తాల మోతలలో ఈ నెలలోనే మార్చుకొనదగినది ఏమి?