ఏ జన్యువు ఎవరిదో పిండానికి తెలుసా?

ప్రశ్న: డాక్టర్ గారూ, జన్యువుల్లో సగం అమ్మవి, సగం నాన్నవి కదా. ఏది ఎవరిదన్న తేడా పిండానికి ఉంటుందా?

జవాబు: ఉంటుందమ్మా. 1984లో కేంబ్రిడ్జ్‌లో అజీమ్ సురానీ బృందం ఎలుక అండంలో రెండు కేంద్రకాలూ తల్లివే ఉంచి చూసింది. పిండం కొంత ఎదిగింది గానీ మాయ సరిగా ఏర్పడలేదు. రెండూ తండ్రివే ఉంచితే మాయ కణజాలం పెరిగింది, పిండం ఎదగలేదు. అండంలో, వీర్యకణంలో డీఎన్ఏ మీద వేర్వేరుగా పడే మిథైల్ అనే రసాయన గుర్తులే ఇందుకు కారణం. ఫలదీకరణ జరిగిన మొదటి రోజుల్లో ఈ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. కొన్ని జన్యువుల దగ్గర మాత్రం చెక్కుచెదరవు. అందుకే 15వ క్రోమోజోమ్‌లో ఒకే ముక్క నాన్న వైపు లోపిస్తే ప్రాడర్-విల్లీ, అమ్మ వైపు లోపిస్తే ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అనే వేర్వేరు జన్యు వ్యాధులు వస్తాయి. ఇలాంటప్పుడు ఇంట్లో తల్లిని నిందించడం చాలా అన్యాయం. ఎక్కువ మందిలో ఆ ముక్క అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు దానంతటదే ఊడిపోతుంది.