గొట్టాన్ని తిన్న ఉప్పు

కూర్మన్నపాలెంలో వానలో తడవని సైకిలు రిమ్ము కూడా తుప్పు పడుతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పే కారణమని మీకు తెలుసు. మరి సముద్రానికి ఎంతో దూరాన, ఉక్కు గొట్టం లోపలే ఉప్పు పుడితే?

అమెరికాలో 1894లో వచ్చిన వించెస్టర్ లివరు రైఫిలు వేటగాళ్ల తుపాకి. అలాంటి పాతవాటిని బాగుచేసేవారికి తరచు ఒక వింత కనబడుతుంది. కర్ర బాగుంటుంది, లివరు చక్కగా ఆడుతుంది, గొట్టం లోపల మాత్రం గుంటలే! గుండును బొంగరంలా తిప్పి తిన్నగా పంపే మెలిక గాడులు తుప్పుకు పాడై ఉంటాయి. అప్పుడు కొత్త గొట్టం బిగించాల్సిందే.

దోషం మందుది కాదు, తూటా అడుగున మందును అంటించే చిన్న టోపీది. అందులో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలినప్పుడు అది ఆక్సిజన్‌ను వదిలి పొటాషియం క్లోరైడుగా మిగులుతుంది. వంట ఉప్పుకు ఇది దగ్గర చుట్టమే. గాలిలోని తేమను పట్టి ఉక్కును తినేస్తుంది.

నల్లమందు రోజుల్లో మసి ఎక్కువ కనుక గొట్టాన్ని నీళ్లతో కడిగేవారు. మసితోపాటు ఉప్పూ పోయేది. పొగలేని మందు వచ్చాక మసి తగ్గింది, చాలామంది నీళ్లు మానేసి నూనె పూశారు. నూనెలో ఉప్పు కరగదు కదా! (నమ్మకం లేకపోతే వేరుశనగ నూనెలో చిటికెడు వేసి కలపండి.) తర్వాత కాలంలో టోపీల్లో క్లోరేటు బదులు బేరియం నైట్రేటు వాడారు.

రెండు ఇనుప మేకుల్ని ఉప్పునీటిలో ముంచి తీయండి. ఒకదానికి అలాగే నూనె రాయండి. రెండోదాన్ని మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి నూనె రాయండి. వారం రోజులు కిటికీలో ఉంచి, ఏది ముందు ఎర్రబడిందో రాసుకోండి.