పాప చెవిలో గొట్టం

పిలిస్తే పాప తిరిగి చూడదు. రెండేళ్లు వస్తున్నా మాటలు రాలేదు. "దాని మేనమామకూ మాటలు ఆలస్యమే" అంటుంది నాయనమ్మ. కావచ్చు. మరి చెవి చూపించారా?

చెవి లోపల పలుచని పొర ఉంటుంది. అదే కర్ణభేరి. మాటిమాటికీ జలుబు చేస్తే దాని వెనక నీరు చేరవచ్చు. ఒక్కోసారి నొప్పి ఉండదు, చీము కారదు. వినికిడి మాత్రం తగ్గుతుంది. వినపడని మాట పాపకు ఎలా వస్తుంది?

చాలామంది పిల్లలకు 3 నెలల్లో ఆ నీరు దానంతట అదే పోతుంది. పోకపోతే డాక్టరు ఆపరేషన్ చెయ్యాలనవచ్చు. పొరకు చిన్న గాటు పెట్టి, నీరు తీసి, బియ్యపు గింజకన్నా చిన్న గొట్టం పెడతారు. సుమారు పావుగంట పని.

పాపకు మత్తు ఇస్తారు. అందుకే 6 గంటల ముందు నుంచి అన్నం, పోతపాలు ఇవ్వకూడదు. తల్లిపాలు 4 గంటల ముందు ఆపాలి. పాప ఆకలికి ఏడుస్తుంది. జాలిపడి ఎవరూ చాటుగా బిస్కెట్ పెట్టకుండా చూడండి. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ప్రాణానికే ముప్పు.

పాపను లోపలికి తీసుకుపోతే తల్లికి కాళ్లూ చేతులూ ఆడవు. అప్పుడు "నీ వల్లే" అని ఆమెను అనకండి. తండ్రి పక్కనే ఉండాలి.

తర్వాత చెవిలో నూనె పొయ్యకండి. చీము కారితే డాక్టరుకు చూపించండి. చాలావరకు 6 నుంచి 12 నెలల్లో గొట్టం దానంతట అదే ఊడిపోతుంది. ఒకరోజు దిండు మీద కనిపిస్తే కంగారు పడకండి.